రెండో భాగంలో సముద్రం వస్తుంది

జీవన్ కుమార్ తీసింది ఒక్కటే సినిమా. పేరు 'ఆటు'. ఒకరోజు పాలకాయతిప్ప దగ్గర సముద్రం వెనక్కి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. సుగుణ అనే శాస్త్రవేత్త కారణం వెతుక్కుంటూ తడి ఇసక మీద నడిచి వెళ్తుంది. ఆమె కూడా తిరిగి రాదు. అక్కడితో సినిమా అయిపోతుంది. హాళ్ళలో ఆడలేదు గానీ తర్వాత ఫోన్లలో చాలామంది చూశారు. రెండో భాగం ఎప్పుడండీ అని జీవన్‌ని పెళ్ళి భోజనాల దగ్గర కూడా అడిగేవాళ్ళు.

కథ సిద్ధంగానే ఉండేది. నలభై ఏళ్ళు గడిచిపోతాయి. సముద్రం ఉన్నచోట ఊళ్ళు వెలిసి, వరి పండుతూ ఉంటుంది. సుగుణ అదే వయసుతో తిరిగొచ్చి, నీళ్ళు మళ్ళీ వస్తున్నాయని చెబుతుంది. ఎవరూ నమ్మరు.

ఈ కథని జీవన్ కొన్నేళ్ళపాటు నిర్మాతలకి చెప్పాడు. హైదరాబాదు వెళ్ళే ముందు ప్రతిసారీ భార్య కృపాకుమారిని కూర్చోబెట్టి, గాలి హోరు నోటితోనే చేస్తూ, మొత్తం చెప్పి చూసుకునేవాడు. ఒకసారి అలాగే వెళ్ళి, ఒక నిర్మాత ఆఫీసులో తన వంతు కోసం కూర్చున్నవాడు కుర్చీలోనే పోయాడు. గుండెపోటన్నారు.

పామర్రులో సమాధి దగ్గర అందరూ పాటలు పాడుతుంటే కృప పెదాలు కదిపింది. ఏడుపు రాలేదు. చుట్టాలు వెళ్ళగానే గుడ్లవల్లేరులో తను ఫిజిక్స్ చెప్పే కాలేజీకి వెళ్ళింది. పాఠం చెప్పేది. అన్నం తినేది, ఏం కూరో గుర్తుండేది కాదు. మొదట షాక్‌లో ఉందన్నారు. తర్వాత గట్టి మనిషన్నారు. అదంతా ఇంకెవరి గురించో అంటున్నట్టు వినేది.

ఒకరోజు క్లాసయ్యాక భవిత అనే స్టూడెంటు ఆగింది.

"మేడమ్, ఏమీ అనుకోకండి. సుగుణ తిరిగొస్తుందా?"

"వస్తుంది," అంది కృప. అక్కడితో ఆపుదామనుకుని ఆపలేకపోయింది. చెబుతూ చెబుతూ గాలి హోరు దగ్గరికొచ్చేసరికి ఆమె నోటినుంచి ఆ శబ్దం దానంతటదే వచ్చింది.

భవిత ఎక్కాల్సిన గుడివాడ బస్సు వెళ్ళిపోయింది. "సినిమా ఎలాగూ లేదు కదా, పుస్తకంగా రాయండి మేడమ్. చదువుకుంటాం," అంది.

కృప మధ్యాహ్నాలు స్టాఫ్ రూములో కూర్చుని రాసింది. బాధ కలిగితే ఆపేద్దామనుకుంది. కలగలేదు. చివరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోయింది. జీవన్ ఏ నిర్మాతకి ఎలా కావాలంటే అలా ముగింపు మార్చేవాడు. ఒకదాంట్లో సుగుణ సముద్రాన్ని ఆపేస్తుంది. ఇంకోదాంట్లో అదంతా కల. అతనికి ఏది ఇష్టమో ఆమె ఏనాడూ అడగలేదు.

మావగారు దయానందం బస్సు డ్రైవరుగా రిటైరై పామర్రులో ఉంటున్నాడు. ఆదివారం వెళ్ళి అడిగింది.

"మావయ్యా, ఆయన మీకెప్పుడైనా ఈ కథ చెప్పారా?"

"అందరికంటే ముందు నాకే చెప్పాడమ్మా. సముద్రం వచ్చేస్తుంది. ఆ పిల్ల దాన్ని ఆపలేకపోతుంది."

"మరేం చేస్తుంది?"

"ఇంటింటికీ తిరిగి తలుపు కొడుతుంది. నమ్మినవాళ్ళు బయటికొస్తారు. అంతే. ఇదేం ముగింపురా అన్నాను. ఇంకేముంటుంది నాన్నా అన్నాడు."

కృప అలాగే రాసింది. 'పోటు' అన్న పేరుతో నవలగా అచ్చయింది. బందరులో చర్చి హాల్లో చిన్న సభ పెట్టారు. ఒకప్పుడు ఉప్పెన చూసిన దివిసీమ నుంచి కొందరు ఫోన్ చేసి, తలుపులు కొట్టే ఘట్టం చదివి నిద్ర పట్టలేదన్నారు. ఒక నిర్మాత కూడా ఫోన్ చేశాడు.

"కథ బావుందండీ. హీరోయిన్ సముద్రాన్ని ఆపినట్టు మారుస్తారా?"

"లేదండీ," అంది కృప. అంత సులువుగా అనేసినందుకు తనకే వింతగా అనిపించింది.

మావగారి కోసం దాచిన మొదటి ప్రతిని ఆదివారం పామర్రు తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన వరండాలో కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు. సుగుణ మొదటి తలుపు కొట్టే చోట ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి భుజాన ఉన్న తువ్వాలులో మొహం దాచుకున్నాడు.

కృపకి కన్నీళ్ళు రాలేదు. ఆయన ఒళ్ళోంచి పుస్తకం తీసుకుని, పక్కన కూర్చుని, ఆగిన చోటు నుంచి తను చదివింది.