అద్దాలాయన చేతులు

అద్దాల దుకాణంలో పనిచేసే ఆయన దేన్నీ ఒంటిచేత్తో పట్టుకోడు. టీ గ్లాసుకైనా అడుగున రెండో అరచెయ్యి ఉండాల్సిందే. తలసీమియా వల్ల నెలనెలా రక్తం ఎక్కించుకునే కూతురికి ఎముకలు గుల్లబారుతున్నాయని డాక్టరు చెప్పాక ఆ జాగ్రత్త మరీ ముదిరింది. పిల్లల్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటారంటారు గానీ, ఈయనైతే అట్టల్లో చుట్టి, మధ్యన గడ్డి కూరి చూసుకునే రకం. మెట్లు దిగేటప్పుడు పిల్లకి ఎదురుగా ఉండి, తాను వెనక్కి దిగుతాడు. ఎముకలు గట్టిపడ్డానికని ఆస్పత్రిలో సన్నగా అదిరే పలక మీద పిల్లని నిలబెట్టినప్పుడల్లా చంకల కింద చేతులేసి ఎత్తిపట్టుకుంటాడు. పిల్లేమో "ఆఆ" అని రాగం తీసి, తన గొంతు వణుకుతుంటే పకపకా నవ్వుతుంది.

ఆర్నెల్లయినా స్కానులో ఎముక కాస్తయినా మెరుగుపడలేదు. ఆయన మొహం చిన్నబోయింది. ఆ వారమే కొత్తగా చేరిన ఫిజియోథెరపీ మేడమ్ పలక పక్కన నిలబడి చూసింది.

"ఏంటండీ, పిల్లని గాల్లో మోస్తున్నారు! మీ ఎముకలు మాత్రం భేషుగ్గా గట్టిపడుంటాయి."

"జారి పడితే విరుగుతుందేమోనని, మేడమ్..."

"ఎముకండీ, అద్దం కాదు. తన బరువు తన కాళ్ళ మీద పడితేనే ఆ అదురు పనిచేస్తుంది. పట్టుకోడానికి కమ్మీ ఉందిగా, వదలండి."

వదిలాడు. ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక, పిల్లకి బెత్తెడు దూరంలో అలాగే చాచి ఉంచాడు. పిల్ల కమ్మీ పట్టుకుని, మోకాళ్ళు కొద్దిగా వంచి, తన పాదాల వంక ఆశ్చర్యంగా చూసుకుంది.

"నాన్నా, నేనింత బరువుంటానా?"

"ఉంటావు తల్లీ, చాలా ఉంటావు" అన్నాడాయన.