వడ్రంగి బిగించని బెంచీ

మా వీధి చివరి వడ్రంగికి చేతిలో పట్టు తప్పిందనీ, సొంత అన్న తెచ్చిచ్చిన పాత బెంచీని కూడా బాగుచేయలేక నెలల తరబడి నాన్చుతున్నాడనీ వీధంతా గుసగుసలు. శుద్ధ అబద్ధం. అది వాళ్ళ నాన్న ముచ్చటపడి కొన్న టేకు బెంచీ. కిందికి పోనుపోను సన్నబడే ఏటవాలు కాళ్ళు, గాలాడేలా సందులు వదిలి బిగించిన చెక్క పట్టీలు. ఇల్లు పంచుకున్ననాడు తమ్ముడితో మాటలు మానేసిన అన్న, ఈ బెంచీ కాలు ఊగుతోందనే మళ్ళీ అతని గడప తొక్కాడు. వడ్రంగికి ఎప్పుడూ చెవి మీద పెన్సిలు, కనుబొమల్లో రంపపు పొట్టు. ఏ చెక్కనైనా ముందు అరచేత్తో నిమిరిగాని ఉలి పట్టడు. సాయంత్రమయ్యేసరికి అన్న వచ్చి బెంచీ మీద కూలబడి, అటూ ఇటూ ఊగి చూస్తాడు.

"ఇంకా కిర్రుమంటోంది కదరా! నీకు పని నేర్పినవాణ్ణి అనాలి."

"నేర్పింది నువ్వేగా అన్నయ్యా!" అంటూ వడ్రంగి టీ గ్లాసు అందిస్తాడు. ఇక చీకటిపడేదాకా ఇద్దరికీ వాదులాటే.

మొన్న పొద్దున్నే నేను విరిగిన కుర్చీ పట్టుకుని వెళ్ళేసరికి, రాయిలా బిగిసివున్న ఆ బెంచీ కాలి స్క్రూని తనే వదులు చేస్తున్నాడు. నన్ను చూసి స్క్రూడ్రైవరు వెనక్కి దాచాడు. నేనూరుకుంటానా?

"ఏరా అబ్బాయ్, బాగున్నదాన్ని పాడుచేస్తున్నావేం?" అని నిలదీశాను.

అతను తలవంచుకుని బెంచీని నిమిరాడు.

"బిగించేస్తే రేపే తీసుకెళ్ళిపోతాడు పిన్నీ. ఎల్లుండి నుంచి నన్నెవరు తిడతారు?"