పెద్దకోడలు గీసిన మిల్లు వీధి

పొద్దున్నే సూదులకు దారం ఎక్కించడం ఆ ఇంట్లో పెద్దకోడలి పని. వంటింటి కిటికీలోంచి వెలుగు గట్టు మీద పడగానే, పొయ్యి మీద పాలు పొంగేలోపు, చిన్నకోడలికి రోజంతా సరిపోయేన్ని సూదులకు దారం ఎక్కించి, కొస ముడివేసి, పాత దిండుకి వరసగా గుచ్చి ఉంచేది. చిన్నకోడలికి కుట్టు ఆనుతుంది గానీ సూది బెజ్జం ఆనదు. ఇప్పుడు ఆమే దారం కొస నోట తడిపి, కిటికీ దగ్గర నిలబడి తిప్పలు పడుతోంది. దూరితే దూరినట్టు, లేకపోతే వీధిలో వెళ్లే ఎవరినో ఒకరిని పిలుస్తుంది. మొన్న పాలాయన ఎక్కించి ఇచ్చాడు పాపం, ముడి వెయ్యడం మర్చిపోయాడు. ఆమె సగం వరస కుట్టాక ఆ దారమంతా ఊడి చేతిలోకి వచ్చింది.

అత్తగారు పోయి ఎన్నేళ్లయినా ఆ వీధికి వాళ్లు పెద్దకోడలు, చిన్నకోడలే. చిన్నకోడలి భర్త చిన్నవయసులోనే పోయాడు. అప్పటినుంచీ ఇంట్లో తోటికోడళ్లు ఇద్దరూ, పెద్దకోడలి భర్తా, ముగ్గురే. పోట్లాడుకోలేదని కాదు. ఉప్పు డబ్బా ఏ అరలో ఉండాలన్నదాని మీద ఒక వేసవంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ వేసవిలో కూడా సూదులు మాత్రం దిండుకి గుచ్చే ఉండేవి.

పెద్దకోడలికి కుట్టు రాదు. టైలరమ్మ బొంతల బృందం మొదలుపెట్టి, గ్రంథాలయం మేడ మీద గదిలో ఆడవాళ్లందరినీ చాపల మీద కూర్చోబెట్టిన మొదటి రోజే ఆ సంగతి బయటపడింది.

“పెద్దమ్మా, నీ కుట్టుకీ కుట్టుకీ మధ్యనుంచి బస్సు పోతుంది” అంది టైలరమ్మ.

“పోనీవే, అదెక్కి ఇంటికి పోతాను” అని పెద్దకోడలు సూది పక్కన పడేసింది. ఊరికే కూర్చునే మనిషి కాదు గనక, కొంగు ముడిలోంచి ఎండిన సబ్బు పలుకు తీసి ఎదురుగా ఉన్న నల్లగుడ్డ మీద గీతలు గీసింది. చూస్తుండగానే గుడ్డ మీద గ్రంథాలయం మెట్లు లేచాయి. ఆ రోజునుంచి ఆవిడ గీసేది, మిగతావాళ్లు కుట్టేవాళ్లు.

అరిగిపోయిన సబ్బుని ఆవిడ ఇంట్లో పారేయనిచ్చేది కాదు. ఎండబెట్టి డబ్బాలో దాచేది. మనం సబ్బు కొనేది ఒళ్లు రుద్దుకోడానికి కాదని, అరిగించి డబ్బా నింపడానికని భర్త వేళాకోళం చేసేవాడు. సబ్బు గీతలో ఉన్న సుఖం ఏమిటంటే, కుట్టు పూర్తయ్యాక నీళ్లలో జాడిస్తే గుర్తు లేకుండా పోతుంది. గీత పోతేనే కుట్టు కనబడుతుందే అనేది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నకోడలు ఊఁ కొట్టేది. అందులో ఆలోచించడానికేదో ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఊళ్లో పాత గుర్తుల్ని బొంతల మీదకి ఎక్కించి అందరికీ చూపిద్దామని బృందం అనుకున్నప్పుడు, ఒకరు వంతెన తీసుకున్నారు, ఒకరు సరుకుల షెడ్డు, ఒకరు గడియారం ఉన్న పోస్టాఫీసు. పెద్దకోడలు మిల్లు వీధి అంది. నూలు మిల్లు గేటు ఎదురుగా ఉండే ఆ వీధి ఇప్పుడు లేదు. మిల్లు మూతపడ్డాక, ఆవిడ పెళ్లికి ముందే, ఇళ్లన్నీ కొట్టేశారు, ఆ జాగాలో లారీలు ఆగుతాయి. ఆవిడ నాన్న ఆ మిల్లులో ఫిట్టరు. చివరి ఇల్లు వాళ్లది. ఆవిడ బడి మానేసి తమ్ముళ్లని ఎత్తుకు తిరిగింది ఆ గుమ్మంలోనే.

భర్త డ్రైవరు ఉద్యోగంలో వేసుకున్న ముదురు నీలం ప్యాంట్లు కుట్లు విప్పి, కలిపి, అడుగుగుడ్డ చేశారు. రోజుకో ఇల్లు. పెద్దకోడలు గీస్తూ ఆ ఇంట్లో ఎవరుండేవాళ్లో చెప్పేది. ఈ ఇంటావిడ వినికిడి లేకపోయినా అందరి గొడవలూ ఆవిడకే తెలుసని, ఈ ఇంటాయన రాత్రి షిఫ్టు చేసి పగలు గురక పెడితే గోడవతల పిల్లలు లెక్కలు మర్చిపోయేవారని. చిన్నకోడలు నవ్వుతూ కుట్టేది. ఇల్లు పూర్తయితే ఆ మేరకి తడిగుడ్డతో తుడిచి సబ్బు పోగొట్టేది.

సొంతిల్లు మాత్రం ఆవిడ దాటేస్తూ వచ్చింది. మంచం పట్టాక ఒక మధ్యాహ్నం తనే అడిగి, బొంత ఒళ్లో పరిపించుకుని మొదలుపెట్టింది. గోడలు, సగం తెరిచిన తలుపు, రెండు మెట్లు. పైకప్పు ఎడమనుంచి ఎత్తి, కొసకి తెచ్చి, కిందికి కొంచెం దింపి ఆగిపోయింది.

“చెయ్యి లాగుతోందే. మిగతాది రేపు. మా కప్పు అందరి కప్పుల్లాంటిది కాదు, మా నాన్న దానికో పని చేశాడు. రేపు చెప్తాను.”

తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆవిడ మళ్లీ ఇంటికి రాలేదు.

నెల తిరక్కుండానే ప్రదర్శన దగ్గరపడింది. టైలరమ్మ వచ్చి, చెప్పలేక చెప్పలేక చెప్పింది. బొంతలన్నీ ఉతికి, ఆరబెట్టి, వేలాడదీయాలి. ఆ ఒక్క ఇల్లూ కుట్టేస్తే అయిపోతుంది. “కప్పు పక్క ఇళ్లలాగే కలిపేద్దాం పిన్నీ.”

“కలిపేస్తే అది పక్కవాళ్ల ఇల్లవుతుందమ్మా, అక్క ఇల్లు కాదు” అంది చిన్నకోడలు.

బావగారు మధ్యలో మాట్లాడే మనిషి కాదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, సగం పని చూస్తే మీ అక్కకి చిరాకు కదమ్మాయ్, పూర్తి చెయ్యి అన్నారు. ఆయన అడిగింది ఆ ఒక్కటే.

మర్నాడు కుట్టడానికి కూర్చుంది. దారం ఎక్కించుకుని, గుడ్డ బిగించి పట్టుకుని, మెట్టు దగ్గర సూది దింపింది. చెయ్యి తీసి చూస్తే బొటనవేలు ఆనిన చోట రెండో మెట్టు కొస లేదు. చేతి చెమటకి చెరిగిపోయింది. డబ్బాలో సబ్బు పలుకులు బోలెడున్నాయి, అంత ముక్క తనే గీసుకోవచ్చు. గీస్తే అది తన గీత.

అప్పుడు ఆమె బొంతంతా పరిచి చూసింది. వీధి వీధంతా తన కుట్టే. అక్క గీసిన ప్రతి గీతనీ తన చేత్తోనే, తడిగుడ్డ పెట్టి, శుభ్రంగా తుడిచేసింది. ఇన్నేళ్ల బొంతల్లో ఎక్కడ వెతికినా అక్క చెయ్యి లేదు. మిగిలింది ఈ మూల, ఈ కాస్త. ఆమె సూది బయటకి లాగేసి గోడకి ఆనుకుంది. ఆస్పత్రి దగ్గర కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

టైలరమ్మకి ఏం చెప్పిందో, బొంత అలాగే వెళ్లింది. కుట్టకుండా, ఉతక్కుండా. గ్రంథాలయం గదిలో ఎవరి భుజమూ తగలని మూల చూసి కట్టారు, ముందు ఒక తాడు అడ్డం పెట్టారు. కింద అతికించిన చీటీ మీద కుట్టినవాళ్ల పేరే రాస్తారు. చిన్నకోడలు పట్టుబట్టి, గీసింది పెద్దకోడలు అని పైన రాయించింది.

జనం బాగానే వచ్చారు. ఒక ముసలాయన ఆ బొంత ముందు ఆగి, గేటు ఈ పక్కన కాదు ఆ పక్కన అని గొడవ పెట్టుకున్నాడు. ఆ వీధిలో పెరిగినవాడే. చిన్నకోడలు దగ్గరికి వెళ్లి, చివరి ఇల్లు గుర్తుందా బాబాయ్ అని అడిగింది. ఫిట్టరు గుర్తున్నాడు. ఆయన దగ్గూ, సైకిల్ గంటా గుర్తున్నాయి. కప్పు ఎలా ఉండేదని అడిగితే చాలాసేపు కళ్లు మూసుకుని చూశాడు.

“కప్పు ఎవరు చూస్తారమ్మా. గుమ్మం చూస్తాం గానీ.”

అక్క తమ్ముళ్లు ఎప్పుడో పోయారు, ఇంక అడగడానికి ఎవరూ లేరు.

సాయంత్రం బావగారు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని బొంతని ఈ కొసనుంచి ఆ కొసకి చదివినట్టు చూశారు. “నా ప్యాంటు” అన్నారు, ఎవరితోనో తెలియదు. తర్వాత ఆ మూలకి వచ్చి, తాడు మీదుగా వంగారు. గీత ఆగిన చోటికి వేలు తీసుకెళ్లి, తగలకుండా గాలిలోనే కాసేపు ఉంచి, వెనక్కి తీసుకున్నారు.

ప్రదర్శన ముగిసి బొంత ఇంటికొచ్చేసరికి దుమ్ము కొట్టుకుని ఉంది. అంచున ఎవరి టీయో ఒలికిన మరక కూడా. టైలరమ్మ దారిలో కనబడి, మరక పాతబడితే పోదు పిన్నీ, వెంటనే నానెయ్యి అని చెప్పింది. మరక అంటే చిన్నకోడలికి ఒళ్లు మంట. చెంచా మీద నీటిచుక్క ఎండిన గుర్తున్నా మళ్లీ కడిగే మనిషి.

ఆదివారం ఎండ బాగా కాసింది. బావగారు పంపు దగ్గర బకెట్లు నింపి పెట్టారు. ఆమె దుప్పట్లు నానేసింది, దిండు గలేబులు నానేసింది, ఆయన చొక్కాలు, తన చీరలు. బొంత కుర్చీ మీద మడత విప్పకుండా ఉంది, టీ మరక పైకి కనబడుతూ. బావగారు దానివంక చూసి, ఒక బకెట్ నీళ్లు మిగిలాయమ్మాయ్ అన్నారు.

“మొక్కలకి పోసెయ్యండి బావగారూ” అంటూ ఆమె దుప్పటి పిండడానికి వంగింది.