నీలి ఎక్కువైన సున్నం

ఇన్నేళ్ళూ ఒక బకెట్టు మోశాను. సున్నం బకెట్టు. అది ఒకే ఒక్క మధ్యాహ్నం ఖాళీ అయింది. కడిగి బోర్లించాను కూడా. అయినా బరువు దిగలేదు. బియ్యం కడుగుతున్నా ఉంటుంది, బట్టలు ఆరేస్తున్నా ఉంటుంది. ఎవరైనా నన్ను మంచిదానివంటే ఆ పూట ఇంకొంచెం బరువెక్కుతుంది.

ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. నాకు చదువు లేదు, సంతకం మాత్రం పెడతాను. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. నా మాటను కాస్త సాపు చేస్తానంది. మాటను చేసుకో తల్లీ, చేసిన పనిని మాత్రం సాపు చేయొద్దన్నాను. పేర్లు కూడా వద్దన్నాను. మా ఆయన తన పేరు ఏ గోడ మీదా రాసుకోలేదు. నేనెందుకు రాయించాలి?

మా ఆయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. రోడ్డు పక్కన వేరేవాళ్ళ షెడ్డులో పని. పొద్దున నల్లగా పోయిన మనిషి సాయంత్రం తెల్లగా వచ్చేవాడు, కనురెప్పల మీద కూడా రాతి దుమ్ము. అమావాస్య నాడు మాత్రం ఊళ్ళో ఉలి చప్పుడు ఉండదు. ఆ రోజు పనిముట్టు పట్టకూడదు. మిగతావాళ్ళు పేకాడేవాళ్ళు, పడుకునేవాళ్ళు. మా ఆయన రంగు డబ్బాలు సంచిలో వేసుకుని నంద్యాల బస్సెక్కేవాడు.

నంద్యాలలో ఆయన్ను నిద్దర బొమ్మలోడు అనేవాళ్ళు. మనిషిని ఎవరూ చూడలేదు, బొమ్మలే చూశారు. అమావాస్య మిట్టమధ్యాహ్నం పిల్లల్ని బయటికి పంపరు, పెద్దవాళ్ళూ రారు. ఎండకు రోడ్డు నీళ్ళలా కదులుతూ ఉంటుంది. ఆ ఖాళీ వీధుల్లో ఆయన గోడలకు నిద్ర పెట్టేవాడు. విత్తనాల మూటల మీద వాలి నిద్రపోయే హమాలీ. నారు చేతిలో పట్టుకుని నిలబడే నిద్రపోయే ఆడవాళ్ళు, ఒక వరస మొత్తం. కుందూ వంతెన దగ్గర నిద్రపోయే చేపలు. ఒకచోట లారీని గీశాడు. దాని దీపాలు రెండూ రెప్పలు వాల్చినట్టు ఉంటాయి, తొట్టిలో వడ్ల మూటలు, వాటి మీద ఒక కుక్క. ఆ లారీ ముందు నిలబడితే నాకే ఆవులింత వచ్చేది.

కండ్లెందుకు మూస్తావని ఒకసారి అడిగాను.

"కండ్లు తెరిస్తే ప్రాణమొచ్చినట్లే. విగ్రహానికైనా ఆఖర్నే గదా తెరిచేది, గుళ్ళో పెట్టినాక. ప్రాణమొస్తే దీపం పెట్టాల, నైవేద్యం పెట్టాల. గోడకు ఎవురు పెడతారు? నిద్దరపోనీలే పాపం," అన్నాడు.

ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాను. నంద్యాలలో ఒక బట్టల షావుకారు తన గోడ మీద కూడా బొమ్మ పడాలని ఏడాది పొడుగునా దానికి తెల్ల రంగు వేయిస్తూ ఎదురుచూసేవాడట. ఆ మాట చెప్పుకుని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. "ఆయప్ప గోడ శానా మేలుకోనుంది, దానికి నిద్దర రాదు," అనేవాడు మా ఆయన. అలా నవ్వుకున్న మనుషులమే. మరి నాకేమైంది?

ఒకరోజు తెల్లారుజామున మెలకువ వచ్చింది. ఆయన నా పక్కన కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను కళ్ళు తెరవగానే ముఖం తిప్పుకున్నాడు. దొంగలాగా. ఆ తర్వాత ఇంకో రోజూ అంతే. నా మీద మనసు విరిగింది, ఎలా చెప్పాలా అని చూస్తున్నాడు అనుకున్నాను. అమావాస్య కాని రోజు కూడా షెడ్డుకు నాగా పెట్టి నంద్యాల పోయాడు. మూతపడిన జిన్నింగు మిల్లు గోడ దొరికింది, శానా పెద్ద గోడ, అన్నాడు. ఏం బొమ్మ అంటే చెప్పలేదు. నవ్వాడు. ఆ నవ్వు నాకు ముల్లులా దిగింది. ఎప్పుడూ నాకు చెప్పే మనిషి చెప్పకుండా నవ్వితే ఏమనుకోవాలి? ఏమైనా అనుకోవచ్చు. నేను చెడుగానే అనుకున్నాను.

ఆ అమావాస్యకు ఆయన ఎక్కిన బస్సు వెనక బస్సు నేనెక్కాను.

మిల్లు ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది, మిట్టమధ్యాహ్నం కదా, మూసి ఉంది. దాని పట్ట నీడలో నిలబడి చూశాను. గోడ పొడుగునా ఒక ఆడమనిషి ముఖం. పక్కకు తిరిగి పడుకుంది, చెంప కింద చెయ్యి. జుట్టు విడిపోయి ఉంది. చెవులకు కమ్మలు లేవు. నోరు కొంచెం తెరిచి ఉంది. పెదవి మూల చొంగ కూడా గీశాడు. మెరుస్తోంది. అంత ఎండలోనూ ఆ ముఖం మీద చల్లగా ఉంది, అక్కడొక్కచోటే తెల్లారుజాము ఆగిపోయినట్టు. ఆయన కొట్టు బయట వదిలేసిన స్టూలు తెచ్చుకుని ఎక్కి, కుంచె నోట్లో పెట్టుకుని, ఆ చెంప మీద రంగును అరచేత్తో సర్దుతున్నాడు. మెల్లగా. లేస్తుందేమో అన్నంత మెల్లగా.

ఎవరిది ఆ ముఖం? కమ్మలు లేకుండా, నోరు తెరుచుకుని, ఇంత నిర్భయంగా ఒక మగాడి ముందు నిద్రపోయింది ఎవరు? చొంగ కారే చోటు కూడా తెలిసేంత దగ్గరగా ఎప్పుడు చూశాడు? నేను అరవలేదు, ఏడవలేదు. బస్సెక్కి వచ్చి వంట చేశాను. ఆయన వస్తే అన్నం పెట్టాను. రెండో రోజు, ఆయన షెడ్డులో ఉండగా, సున్నం కలిపాను.

సున్నం కొట్టడంలో మా వీధిలో నాకు పేరుంది. అందరూ సున్నంలో నీలిమందు చిటికెడు వేస్తారు. నాకు ఆనదు, ఎక్కువే వేస్తాను. మా ఇల్లు దూరానికి ఆకాశం ముక్క తెచ్చి పెట్టినట్టుంటుంది. నీలిగోడలామె అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ రోజు కూడా చెయ్యి అలవాటు కొద్దీ అంతే వేసింది. మూత గట్టిగా పెట్టి బకెట్టు బస్సులో సీటు కింద పెట్టుకున్నాను. గోడకు సున్నం కొట్టే ఆడదాన్ని ఎవరు ఆపుతారు? కూలిమనిషి అనుకుంటారు. టీ కొట్టామె మాత్రం అడిగింది.

"ఎవురు కొట్టమన్నారక్కా? బాగుండె గదా బొమ్మ."

"మిల్లోళ్ళు," అన్నాను.

"వాళ్ళకేం పుట్టె! ఇంద, స్టూలేసుకో, పైకి అందదు నీకు."

ఆయన ఎక్కిన స్టూలే. ముందు కళ్ళ మీద కొట్టాను. మూసుకున్న కళ్ళే, అయినా ముందు వాటినే. తర్వాత నోరు. చెంప ఆఖరున. ఆయన అరచెయ్యి తిరిగిన చోటల్లా నా కుంచె తిరిగింది. పని అయ్యాక చూస్తే గోడ నీలంగా, మా ఇంటి గోడలాగా ఉంది. మా ఇల్లే వచ్చి అక్కడ నిలబడినట్టుంది. అప్పుడైనా నాకు తట్టలేదు.

తర్వాతి అమావాస్యకు ఆయన పోయి, పోయినంత బేగా తిరిగొచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. సంచి విప్పలేదు.

"ఏందీ, అప్పుడే వచ్చినావు?" అన్నాను.

"బొమ్మ లేదు."

"ఏ బొమ్మ?"

"మిల్లు గోడది. ఎవురో సున్నం కొట్టినారు."

"మిల్లోళ్ళు కొట్టించింటారు."

ఆయన పక్కనున్న మా గోడ వైపు చూశాడు. చెయ్యి చాచి దాన్ని నిమిరాడు. అరచేతికి అంటిన పొడిని చూసుకున్నాడు.

"నీలి ఎక్కువేసినారు," అన్నాడు.

"అట్లనా."

"ఆయిలు రంగు మీద సున్నం నిలవదు. తెలిసినోళ్ళయితే కొట్టరు."

"మల్లా గీస్తావా?" అన్నాను.

"లేదులే. నిద్దర లేచేసింది." కాసేపటికి, "అన్నం పెట్టు," అన్నాడు.

అంతే. ఆ మాటల్ని నేను ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. ఆ రోజు మాత్రం వాటిని రంగుల మాటలనే విన్నాను. వినాలనుకున్నట్టే విన్నాను. ఆయన మళ్ళీ ఏ గోడ మీదా గీయలేదు. అమావాస్య నాడు ఇంట్లోనే ఉండేవాడు, గోడకు ఆనుకుని, ఆ నీలం వైపే చూస్తూ. డబ్బాల్లో రంగులు గడ్డకట్టాయి. నంద్యాలలో కొన్నాళ్ళు ఎదురుచూశారు. నిద్దర బొమ్మలోడు చచ్చిపోయాడన్నారు, హైదరాబాదు పోయాడన్నారు. షావుకారు కూడా విసిగిపోయి గోడ మీద చీరల బోర్డు పెట్టించాడు.

ఆ గోడ మీది ఆడదాని పీడ విరగడైందనుకున్నాను. నిజం చెప్పాలి కదా, కొన్నాళ్ళు నాకు సంతోషంగానే ఉండింది.

ఆయన ఛాతీలో రాతి దుమ్ము పేరుకుపోయింది. మంచాన పడ్డాక బొమ్మల సంగతి, ఆఖరి దాని మీద ఎవరో సున్నం కొట్టిన సంగతి మా బిడ్డకు చెప్పాడు. మాకు ఒక్కతే బిడ్డ, నంద్యాలలోనే ఇచ్చాం. మా నాయన ఇంత గొప్పోడా అని అది ఏడ్చింది. ఆఖరి బొమ్మ ఎవరిది నాయనా అంటే, "నిద్దరపోయే మనిషిది," అన్నాడు. అప్పుడు నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. నా వైపు చూడలేదు. తెల్లారుజామున ముఖం తిప్పుకున్నట్టే తిప్పుకున్నాడు. తర్వాత కొద్ది రోజులకే పోయాడు.

ఆ సున్నం సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మా బిడ్డ తిడుతుంది. "మా నాయన మనసు ఇరిసిన చేతులు ఇరగ! పుచ్చిపోను ఆ చేతులు!" ఆ చేతులతోనే నేను దానికి అన్నం కలిపి పెట్టేదాన్ని. తినేది.

ఒకసారి దాని ఇంటికి పోయాను. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాను. లేచేసరికి అది ఫోను పట్టుకుని పడీపడీ నవ్వుతోంది.

"మా, సూడు నీ నిద్దర! నోరు తెర్సుకోని, చొంగ కార్చుకోని. ఈగ దూరింటాది."

ఫోను నా ముందు పెట్టింది.

నా ముఖం నాకు అద్దంలో తెలుసు. అద్దంలో కళ్ళు తెరిచే ఉంటాయి కదా. కళ్ళు మూసుకుంటే నేనెలా ఉంటానో నేనెక్కడ చూశాను? ఇన్నేళ్ళ బతుకులో ఒక్కసారి కూడా చూడలేదు. చెంప కింద చెయ్యి. విడిపోయిన జుట్టు. కమ్మలు గుచ్చుకుంటాయని పడుకునేముందు తీసేస్తాను, చిన్నప్పటి నుంచీ అలవాటు. పెదవి మూల ఆ మెరుపు. ముడతలు వచ్చాయి, కండ జారింది. అయినా అదే ముఖం. గోడంత ముఖం.

"ఏందిమా, కోపమొచ్చెనా? తీసేస్తాలే," అంది బిడ్డ.

తీసేసింది. నేను బాత్రూములోకి పోయి కొళాయి తిప్పి కూర్చున్నాను.

మా గోడ నిమిరి ఆయన అన్న మాట అప్పుడు అర్థమైంది. ఆయనకు ఆ రోజే తెలుసు. ఆ నీలం ఆళ్లగడ్డలో గానీ నంద్యాలలో గానీ ఇంకెవరూ వేయరు. తెలిసీ అన్నం పెట్టమన్నాడు. నేను ఎందుకు కొట్టానో కూడా ఆయనకు తెలిసిందా? లేక నా ముఖం నాకే నచ్చలేదు, నలుగురిలో పెట్టినందుకు కోపమొచ్చి చెరిపేసుకున్నాను అనుకున్నాడా? అడగకూడదు అనుకుని అలాగే పోయాడా? ఇది నన్ను ఎక్కువ తినేస్తుంది. ఒక్క మాట, ఆ ముఖం ఎవరిది అని నేను అడిగి ఉంటే సరిపోయేది. ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

అప్పటి నుంచి ముఖం మీద కొంగు కప్పుకోకుండా పడుకోలేదు. ఒంటరిగా ఉన్నా సరే.

పోయిన అమావాస్యకు నంద్యాల పోయాను. మిల్లు ఇంకా మూతపడే ఉంది. ఆయన చెప్పినట్టే సున్నం నిలవలేదు. వానలకు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఒక కన్ను బయటపడింది, మూసుకునే ఉంది. చెంపలో సగం. పెదవి మూల ఇంకా నా సున్నం కిందే ఉంది. ఒక పెచ్చు గోటితో లాగబోయి ఆగాను. దాని కింద రంగు కూడా ఊడి వస్తుందేమో. వర్షం చేసే పని వర్షాన్నే చేయనీ అనుకున్నాను. నా చేతులు ఆ గోడకు చేసింది చాలు.

టీ కొట్టామె అక్కడే ఉంది, ముసలిదైంది. ఆమె దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఆ సున్నం కొట్టింది నేనే," అన్నాను.

"ఏ సున్నం?"

"ఆ గోడకు. మిల్లోళ్ళు కొట్టమన్లేదు. అబద్ధం చెప్పినా. నేనే కొట్టినా. ఆ ముఖం నాది."

ఆమె నన్ను చూసింది, గోడను చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"నాకెందుకు చెప్తాండావ్?"

"ఎవురికో ఒకరికి చెప్పాల గదా."

"చెప్పినావు గదా. జరుగు, పాలు పొంగుతాండాయి," అంది. గ్లాసులో టీ పోసి ఇచ్చింది.

నోటితో చెప్పడం అదే మొదటిసారి. నా బిడ్డకు ఇంకా చెప్పలేదు. దాని ముఖం చూస్తే నోరు రాదు. దానికి చదువొచ్చు. ఇది అచ్చయితే చదవకుండా ఉండదు. చదివాక ఆ శాపాన్ని వెనక్కి తీసుకోమని అడగను. ఈ చేతులకే పెట్టింది, ఉండనీ.

ఆ రోజు టీ తాగి ఆళ్లగడ్డ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటిందో లేదో నిద్రపట్టేసింది. పగటి పూట, అంతమంది మధ్య. కండక్టరు వచ్చి, "పెద్దమ్మా, ఆళ్లగడ్డ వచ్చె, లెయ్," అని భుజం తట్టాడు. ఉలిక్కిపడి తడుముకున్నాను. పెదవి మూల తడిగా ఉంది. ముఖం మీద కొంగు లేదు.