కాలవ గేటు

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరిచిన ఏడాది, బదిలీల కౌన్సెలింగ్‌లో నాకు గుడివాడ నుంచి బందరు శివారులోని ఒక పాత ప్రభుత్వ ఉన్నత పాఠశాల వచ్చింది. హోదా ప్రధానోపాధ్యాయుడు. అందులో ప్రధానం సిమెంటు, ఇసుక, మరుగుదొడ్లు. ఉపాధ్యాయం తీరిక దొరికితే.

ఆ బడి పుట్టేనాటికి అక్కడ రోడ్డు లేదు. పిల్లలు పడవల్లో వచ్చేవారు కనుక గేటు కాలవ వైపు పెట్టారు. తర్వాత అవతలి వైపు రోడ్డు పడి, బడి ముఖం అటు తిరిగింది. పాత గేటును ఏడాదికి ఒక్కరోజే తెరుస్తారు. వీడ్కోలు సభ అయ్యాక పదో తరగతి వాళ్లు అందులోంచి బయటికి నడుస్తారు. ఇంకెవరూ, హెడ్మాస్టరైనా సరే, అటు వెళ్లరు.

నేను చేరిన ఏడాదే ప్రహరీకి నిధులొచ్చాయి. అంచనా ప్రకారం కాలవ వైపు మొత్తం గోడే. రోడ్డు వైపు ఆర్చి, దాని కింద నా పేరుతో సహా శిలాఫలకం. పని మొదలవాలంటే తల్లిదండ్రుల కమిటీ తీర్మానం కావాలి. ఛైర్‌పర్సన్ నాగేశ్వరమ్మ మంగినపూడి నుంచి చేపలు తెచ్చి బందరులో అమ్మే మనిషి. కూతురు లావణ్య ఆ ఏడు పదో తరగతి. ఆవిడ సంతకం పెట్టనంది.

“గోడ లేకపోతే గేదెలొస్తాయి, తోలుకుంటాం. గేటు లేకపోతే మా పిల్ల ఎటునుంచి వెళ్ళుద్ది మాస్టారూ?”

“రోడ్డు గేటుంది కదమ్మా.”

“నేనూ ఈ బళ్లోకి ఆ రోడ్డు గేటులోంచే వచ్చాను. ఎనిమిదిలో మానేసి అందులోంచే పోయాను.”

గోడ కట్టించమంటే, ఇంజనీరు దగ్గర నా గోడు వెళ్లబోసుకోవాల్సి వచ్చింది. మార్చి దాటితే నిధులు వెనక్కి పోతాయి. ఆయన నవ్వారు.

“ఎస్టిమేట్‌లో లేని గేటు నన్నెక్కణ్ణుంచి తెమ్మంటారండీ? మీ ఆర్చి మానేస్తే వస్తుంది మరి.”

మొత్తం మారకుండా ఒక పనికి బదులు ఇంకో పని చేయడాన్ని వాళ్ల భాషలో డీవియేషన్ అంటారు. పై అధికారి ఒప్పుకుంటే చాలు, కొత్త మంజూరు అక్కర్లేదు. శిలాఫలకం మీద నా పేరు ఎంత గంభీరంగా ఉంటుందో అప్పటికే ఇంట్లో వర్ణించి ఉన్నాను. అయినా ఆర్చి తీసేయమన్నాను. “పోన్లెండి, మీ పేరుకు అచ్చుతప్పు తప్పింది” అంది మా ఆవిడ. నాగేశ్వరమ్మ సంతకం పెట్టింది.

వీడ్కోలు రోజున కొత్త గేటు తెరిచాం. లావణ్య వాళ్లు వరసగా నడుస్తుంటే, పక్కన నిలబడి చూస్తున్న నాగేశ్వరమ్మను మీరూ వెళ్లండమ్మా, మీవల్లే కదా ఇది నిలిచింది అన్నాను.

“బాగుందండీ! పది చదివినోళ్లదా గేటు. నేను చదివానా?”

గంప అందుకుని రోడ్డు గేటులోంచి వెళ్లి, గోడంతా చుట్టి వచ్చి, కాలవ గట్టు మీద కూతుర్ని కలుసుకుంది.

పాత బడి ఆచారాన్ని అందులో చదివి పైకొచ్చినవాళ్లే కాపాడతారని అనుకునేవాణ్ణి. అది అందకుండా పోయినవాళ్లకు దాని విలువ మరింత బాగా తెలుసునని అక్కడ నేర్చుకున్నాను. నా పదవీ విరమణ రోజున అటెండరు మర్యాద కొద్దీ కాలవ గేటు తాళంచెవి తెచ్చాడు. వద్దన్నాను. నేను పది చదివింది గుడివాడలో. రోడ్డు గేటులోంచే బయటికొచ్చాను.