కొత్త లాప్‌టాప్, పెద్దనాయన గొర్రెలు

మా పెద్దనాయన రోజూ పొద్దున్నే నాకు ఫోను చేసేవాడు. బాగున్నావా అని అడగడానికి కాదు. "ఈ పొద్దు జీవాలను యాడ తోలాల పాపా?" అని.

నేను సోలార్ పార్కులో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాను. గడ్డి పెరిగి ప్యానెళ్ల మీద నీడ పడకుండా మావాళ్లు కొన్ని బ్లాకుల్లో కలుపు మందు కొట్టిస్తారు, కొన్నింట్లో గొర్రెలను మేపుకోనిస్తారు. ఎక్కడ ఎప్పుడు మందు కొట్టారో డేటాబేస్‌లోకి ఎక్కించడం నా పని. పెద్దనాయన అడగ్గానే అది తెరిచి, ఫలానా బ్లాకు మంచిదని చెప్పేదాన్ని. నేను చెప్పాకే ఆయన మంద కదిలేది. పోయినేడు ఎవరివో గొర్రెలు మందు కొట్టిన గడ్డి మేసి గేటు దాకా రాకుండానే పడిపోయాయి. అప్పటినుంచి ఆయనకు పచ్చగా కనిపించే ప్రతిదాని మీదా అనుమానమే.

ఎండలు ముదిరాక హెడ్డాఫీసు వాళ్లు మా పాత కంప్యూటర్లన్నీ పట్టుకుపోయి కొత్త లాప్‌టాప్‌లు ఇచ్చారు. పలచగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. ఒకసారి చార్జి పెడితే సాయంత్రం దాకా చూసుకోనక్కర్లేదు. నేనూ మురిసిపోయాను. అయితే వాటిలోని ప్రాసెసర్ కొత్త రకమట. మా డేటాబేస్ ప్రోగ్రామేమో పాత రకం ప్రాసెసర్ కోసం రాసింది. ఒకదాని భాష ఒకదానికి తెలియదు కాబట్టి మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ దుబాసీలా కూర్చుని ప్రతి మాటా మార్చి చెప్పాలి. కొన్నాళ్లు అలాగే నత్తనడకన నడిచింది. ఒక పొద్దున ఏదో అప్‌డేట్ వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఒక గుండ్రటి గుర్తు తిరుగుతుంది, మూసుకుపోతుంది.

సరిగ్గా అప్పుడే పెద్దనాయన ఫోను. కాసేపాగి చెబుతానన్నాను.

బెంగళూరులో సపోర్టు చూసే ఆయనకు ఫోను చేశాను. మంచి మర్యాదస్తుడు. వచ్చిన చిక్కే అది, తిట్టడానికి కూడా వీల్లేదు. కొత్త ప్రాసెసర్ మీద నేరుగా నడిచే వెర్షన్ వచ్చిందని, అది వేస్తే దుబాసీతో పనే ఉండదని, కాకపోతే కంపెనీ ఇంకా పరీక్షిస్తోందని, అనుమతి రావాలని కన్నడంలో ఓపిగ్గా చెప్పాడు. ఇంట్లో తెలుగు మాట్లాడినా మాది కన్నడ రాష్ట్రమే, ఆఫీసు మాటలన్నీ కన్నడంలోనే. నేనే వేసుకుంటానన్నాను. పాస్‌వర్డ్ ఇవ్వకూడదట. ఫైలు పంపుతాను, మీరే తెరిచి ఒక్క ముక్క చెప్పండన్నాను. సైటు వివరాలు చూసే అధికారం తనకు లేదట. సిస్టమ్‌లో ఫిర్యాదు రాసి టికెట్ పెట్టమన్నాడు, పెట్టాను.

వివరాలు ఎక్కడికీ పోలేదు. నా వేళ్లతో నేను ఎక్కించినవి, నా ఒళ్లో ఉన్న ఆ పెట్టెలోనే ఉన్నాయి. చూడటం మాత్రం నా వల్ల కాదు. దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాలన్నంత ఒళ్లుమంట పుట్టింది.

సూపర్‌వైజర్ను అడిగితే, సిస్టమ్‌లో చూసుకోమ్మా, నీ దగ్గరే ఉంటుంది కదా అన్నాడు. మందు కొట్టినవాళ్లు ఎక్కడినుంచో వచ్చి, పని కాగానే వెళ్లిపోయిన ముఠా.

మధ్యాహ్నం రాయచెర్లు ఊరి వైపు గేటు దగ్గరికి వెళ్లాను. పెద్దనాయన మందతో కంచె బయటే నిలబడి ఉన్నాడు. ప్యానెళ్లు కడిగిన నీళ్లకు లోపల గడ్డి మోకాలెత్తు లేచింది. గొర్రెలు కంచె సందుల్లో మూతులు పెడుతుంటే ఆయన కట్టెతో వెనక్కి నెడుతున్నాడు. ఈ బ్లాకులో కొట్టలేదనే నాకు అనిపిస్తోందని చెప్పాను.

"అనిపిస్తే కాదు పాపా. నువ్వు చూసి చెప్పు, తోలతా."

ధైర్యం చేసి తోలమని చెప్పి, అవి నా కళ్లముందు పడిపోతే?

పార్కుకు కౌలుకిచ్చిన మా పొలాలన్నీ ప్యానెళ్ల కిందే ఉన్నాయి. మేపడానికి ఒక గట్టయినా మిగల్లేదు. అంతకుముందు మేసిన బ్లాకుల్లో గడ్డి మొదళ్లే మిగిలాయి. కౌలు వస్తుంది కదా, మేత కొనమని మా అమ్మ సలహా ఇచ్చింది. ఎండాకాలంలో ఎవరు అమ్ముతారు? "కౌలు దుడ్డు మనం తింటాం, జీవాలు తింటాయా?" అన్నాడాయన. రోడ్డు పక్క తుమ్మకాయలు రాల్చి పెట్టాడు. రోజూ పొద్దున ఫోను, రోజూ ఇంకా లేదు పెద్దనాయనా అన్న నా జవాబు. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. తల్లుల దగ్గర పాలు లేక పిల్లలు అరిచేవి. టికెట్ మాత్రం పరిశీలనలో ఉంది.

ఒక పొద్దున ఫోను రాలేదు. భయపడి వెళ్లాను. దొడ్డికి అడ్డం పెట్టే ముళ్లకంప పక్కకు లాగేసి ఉంది. లోపల ఏమీ లేవు. అన్నింటినీ అమ్మేశాడు, వ్యాపారి బండి తెచ్చి ఎక్కించుకుపోయాడట. "ఆకలికి అరస్తా ఉంటే నాకు కూడు దిగలేదు పాపా," అన్నాడు పెద్దనాయన. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత అనుమతి వచ్చింది. సపోర్టు ఆయన బెంగళూరు నుంచే కొత్త వెర్షన్ వేశాడు. రెప్పపాటులో తెరుచుకుంది. నేను మొదట వెతికింది గేటు పక్క బ్లాకునే. ఆ ఏడాది అందులో మందు కొట్టనే లేదు. తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాను.

మరుసటి పొద్దున పెద్దనాయన ఫోను చేశాడు. మేపడానికి ఏమీ లేకపోయినా, అదే వేళకు.

"నీ మిషన్ తెరుచుకునిందా పాపా?"

తెరుచుకుందన్నాను.

"గేటు కాడ కసువుకు మందు కొట్టినారా?"

"కొట్టినారు పెద్దనాయనా."

గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

"అట్లయితే తోలకపోయిందే మంచిదాయె," అన్నాడు. ఆ తర్వాత ఆయన పొద్దున్నే ఫోను చేయడం మానేశాడు.