చెరిపేసిన లెవెల్ గీత

అది 1984. బొంబాయి కామాఠిపురాలో, ఫాక్‌లాండ్ రోడ్డు పక్క సందులోని ఒక తెలుగు బడిలో ఏడో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి. రెండు షిఫ్టుల బడి. రెండోది ముగిసేసరికి గొంతులో సుద్దపొడి తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఆ ఏడు నా క్లాసులో బాలమణి ఉండేది. పిలిస్తే పలికేది కాదు, మన ముఖం చూసేది కాదు. ఆటిజం అన్న మాట అప్పటికి నేను వినలేదు. హెడ్మాస్టరు మాత్రం తేల్చేశారు: "ఇన్‌స్పెక్షన్‌లో ఒక్క జవాబైనా చెప్పకపోతే పేరు కొట్టేద్దాం."

నీటి మట్టం పాఠానికి బాలమణి వాళ్ల నాన్న నర్సింలు దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చాను. ఆయన పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి. నీళ్లు నింపిన ఆ సన్నని గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది. దాన్ని బట్టి గోడలకు గీత కొడతారు. గీత నాలుగు గోడలూ తిరిగి మొదటి గుర్తును కలిస్తేనే కొలత సరైనట్టు.

బాలమణి పైపు లాక్కుని ఒక కొస నా చేతికిచ్చింది. రోజుకో గోడ చొప్పున సుద్దతో గీత గీసింది. నీళ్లు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టేది. అంత ఓపికగా కొలిచిన పిల్లను నేను మళ్లీ చూడలేదు. మూడు గోడలయ్యాయి.

మర్నాడే ఇన్‌స్పెక్షన్. గోడలు శుభ్రంగా ఉండాలన్నారు హెడ్మాస్టరు. తడిగుడ్డతో నేనే తుడిచేశాను. ఇంటికెళ్లి నడుం వాల్చాలన్న ధ్యాస తప్ప ఇంకేమీ లేదు.

పొద్దున వచ్చి గోడలు చూసిన బాలమణి చెవులు మూసుకుని అరవడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు. ఇన్‌స్పెక్టరుగారు బయటికి పంపమన్నారు. ఆ వారమే పేరు కొట్టేశారు. రిజిస్టర్‌లో కారణం రాసింది నేనే: "జవాబులు చెప్పదు."

నర్సింలు పైపు తీసుకెళ్లడానికి వచ్చాడు. కోప్పడలేదు.

"గీత ఎవరు తుడ్సిన్రు సార్?"

"నేనే."

"పని అయ్యేదాంక మేం గీత చెరపం సార్. మేస్త్రి గీత ఎవ్వరు ముట్టరు. పోరి గదే నేర్సింది. బస్, ఒక్క గోడ ఉండె."

పైపు చుట్టి ఆయన చేతికిచ్చాను. సిగ్గుతో తల దించుకున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. డస్టర్ ఎత్తే ముందు, ఎవరి పని మిగిలి ఉందోనని క్లాసంతా ఒకసారి చూసేవాణ్ణి. ఎంత అలసిపోయినా సరే. నాలుగో గోడ కూడా అయ్యుంటే ఆ గీత మొదటి గుర్తును కలిసేదనే నా నమ్మకం. చూసే అవకాశం నేనే పోగొట్టుకున్నాను.